ఫిట్ ముద్ర వేసే సారు

మొన్న సోమవారం ఆర్మూర్ బస్టాండు ఎదురుగా ఒక ఫ్లెక్సీ చూశాను. నల్ల కోటు, ఎర్ర టై, కళ్లద్దాలు, చుట్టూ బంతిపూల దండ బొమ్మ. కింద 'ప్రముఖ మానసిక వైద్యులకు కన్నీటి వీడ్కోలు' అని రాసి ఉంది. కన్నీటి సంగతి వాళ్ల ఇంటివాళ్ల ఇష్టం. మొదటి మూడు మాటలు మాత్రం మూడూ తప్పే. ప్రముఖుడు అంటే నలుగురూ చెప్పుకునేవాడు. అతని దగ్గరికి వెళ్లినవాళ్లెవరూ వెళ్లామని చెప్పుకోరు. మానసికం అంటే మనసుకు సంబంధించింది. అతని చికిత్సలో మంచినీళ్లు, అద్దం, రబ్బరు స్టాంపు ఉండేవి, మనసు ప్రసక్తి ఉండేది కాదు. వైద్యుడు కాదన్న సంగతి అతని గోడ మీది సర్టిఫికెట్టే చెప్పేది, లేచి దగ్గరికి వెళ్లి చదివితే.

పేరు రాయను. ఆర్మూర్‌లో ఉన్నవాళ్లకు తెలుసు, లేనివాళ్లకు అవసరం లేదు.

చనిపోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలని మా అమ్మ అంటుంది. ప్రయత్నించాను. ఒక కాగితం మీద నిలువుగా గీత గీసి, ఎడమవైపు మంచి, కుడివైపు చెడు అని రాసుకున్నాను. కుడివైపు ఖాళీ చాలక వెనక్కి తిప్పాల్సి వచ్చింది. ఎడమవైపు రెండు వచ్చాయి. ఆ రెండూ మంచేనా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు.

అతని గది మార్కెట్ యార్డుకు పోయే దారిలో ఒక విత్తనాల దుకాణం పైన ఉండేది. అంతకుముందు అదే గదిలో టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. ఊళ్లోకి కంప్యూటర్లు వచ్చాక టైపు నేర్చుకునేవాళ్లు తగ్గిపోయారు. అతను గది మార్చలేదు, బల్లలు మార్చలేదు, బోర్డు ఒక్కటి మార్చాడు. పిల్లలు కూర్చుని వేళ్లు నొప్పి పుట్టేలా టైపు కొట్టిన బల్లల మీద ఇప్పుడు రోగులు కూర్చునేవారు. మూలన ఒక టైపు మిషను మిగిలింది. దాని మీద ఆకుపచ్చ గుడ్డ కప్పి ఉండేది.

పసుపు సీజన్‌లో యార్డుకు పోయే ట్రాక్టర్ల దుమ్మంతా ఆ గదిలోకే వచ్చేది. కిటికీ చువ్వలు, బల్లలు, సర్టిఫికెట్టు అద్దం, అన్నీ పచ్చబడేవి. వచ్చినవాళ్లు కూర్చోగానే తుమ్మేవాళ్లు. అతను చేయి పైకెత్తి, "రానియ్యి, లోపల ఉన్నదంత బయటికి రానియ్యి" అనేవాడు. అది చికిత్సలో భాగమని నమ్మినవాళ్లను నేను చూశాను.

ఎండాకాలమైనా కోటు విప్పేవాడు కాదు. ఆ కోటు బల్ల పై భాగానికి మాత్రమే. బల్ల కింద చూస్తే లుంగీ, నీలం పట్టీల రబ్బరు చెప్పులు. ఎడమ చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉండేది. ఎదుటివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ ఆ చెప్పును బొటనవేలితో తిప్పుతూ ఉండేవాడు. మాట్లాడుతున్నంతసేపూ అన్నాను గానీ, అది పెద్ద సేపేమీ కాదు. ఎవరైనా నోరు తెరిచి రెండు వాక్యాలు పూర్తి చేయకముందే కళ్లద్దాలు తీసి, "అర్థమైంది" అనేవాడు. ఆ మాట కోసమే కళ్లద్దాలు పెట్టుకునేవాడేమో అనిపించేది. నేను పోయినప్పుడు గడియారం పెట్టి చూశాను. పావు నిమిషం దాటి ఎవర్నీ మాట్లాడనివ్వలేదు.

ఇలాంటి మనిషి దగ్గరికి మా అన్నను తీసుకుపోయింది నేనే. ఎవరో చెబితే పోలేదు. లెక్క కట్టి పోయాను.

అది రెండువేల ఆరు. నేను నిజామాబాద్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా ముగించి, సెల్ టవర్లు నిలబెట్టే ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. అన్న నాకన్నా ఆరేళ్లు పెద్ద. దుబాయ్‌లో ఎలక్ట్రీషియన్ పని. రెండు నెలల సెలవు మీద వచ్చాడు, సెలవు అయిపోయినా పోలేదు. తెచ్చిన కార్టన్ విప్పలేదు. రాత్రుళ్లు పడుకోడు, పగలు వెనక గదిలో గోడకు ఆనుకుని కూర్చుంటాడు. తినమంటే తింటాడు, లేకపోతే లేదు. ఫోన్ మోగితే లేచి పెరట్లోకి వెళ్లిపోతాడు. ఏమైందని అడిగితే "ఏం గాలే" అంటాడు. మూడు నెలల్లో అతను మాట్లాడిన మాటల్లో సగం ఆ రెండే.

ఆరు నెలలు దుబాయ్ బయట ఉంటే వీసా పోతుంది. అమ్మ కంగారు అది. వదిన కంగారు వేరు. ఆమె రోజంతా ముందుగదిలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ, వెనక గదిలో చప్పుడు ఆగిపోతే చేతులు ఆపి వినేది. ఒకరోజు నాతో అంది. "మరిదీ, నువ్వు చదువుకున్నవు గదా. మీ అన్నతోని మాట్లాడెటోణ్ని ఎవర్నన్న దేవులాడు. నాతోని మాట్లాడుతలేడు. నీతోని మాట్లాడుతలేడు. ఎవరో ఒకరితోని మాట్లాడాలె గదా."

మోటారు కొనాలన్నా, కేబుల్ కొనాలన్నా నేను పట్టిక వేస్తాను. దీనికీ వేశాను. అడ్డంగా ఏడు అంశాలు, ఒక్కోదానికి పది మార్కులు. ఒకే బస్సులో పోయి రాగలిగే దూరం. మన తెలుగులో మాట్లాడడం. గోడ మీద చదువు కాగితం. నిమ్మకాయలూ తాయెత్తులూ లేకపోవడం. మందు కన్నా ముందు మాట. కూర్చోబెట్టి మాట్లాడడం. చివరిది, మెట్లెక్కుతుంటే ఎవరూ 'ఎందుకొచ్చినవ్' అని అడగని చోటు.

నిలువుగా ఐదుగురు. మా గల్లీ ఆరెంపీ, నిద్ర సూది తప్ప ఇంకోటి తెలియదు. నవీపేట్ దగ్గర తాయెత్తు కట్టేవాడు ఒకడు, అమ్మ కోసం పేరు రాశాను, నాలుగో అంశంలో సున్నా. నిజామాబాద్‌లో పెద్ద డాక్టరు, నిజంగా చదివినవాడు, అన్నిట్లో మంచి మార్కులు. కానీ ఆ దవాఖాన బస్సు ఆగేచోటే ఉంది. కండక్టర్ అక్కడికి రాగానే "పిచ్చి దవాఖాన, పిచ్చి దవాఖాన దిగెటోళ్లు" అని అరుస్తాడు. ఆర్మూర్ బస్సులో సగం మంది తెలిసినవాళ్లే. వదిన ఆ పేరు వినగానే "గక్కడ దిగితే మల్ల మనం ఊర్లె తిరుగుతమా" అంది. ఏడో అంశంలో సున్నా వేశాను. ఐదో అంశంలో కూడా సగమే. పెద్ద డాక్టర్లు మాట్లాడరని విని ఉన్నాను, వెళ్లి చూసింది లేదు.

నాలుగోది ఇంటర్నెట్. హైదరాబాద్ వాళ్లది ఒక వెబ్‌సైట్, కంప్యూటర్లో టైపు చేస్తే అవతల కౌన్సెలర్ జవాబిస్తాడు. అన్నను ఇంటర్నెట్ సెంటర్‌కు తీసుకుపోయి, చెక్క గదిలో పక్కన కూర్చోబెట్టుకుని నేనే ఇంగ్లీషులో టైపు చేశాను. చాలాసేపటికి జవాబు వచ్చింది.

"అన్నా, నీకు ఎట్ల అనిపిస్తుంది అని అడుగుతుండ్రు."

"ఎవరు?"

"తెల్వదు. పేరు పెట్టలే."

"మొగాయనా, ఆడామెనా?"

"అది గూడ పెట్టలే."

అన్న తెర వైపు కాసేపు చూశాడు. "ఎవరో తెల్వనోనికి నాకెట్ల అనిపిస్తె ఏంది?" అన్నాడు. మూడు నెలల్లో అదే పెద్ద వాక్యం. అది టైపు చేసేలోపు కరెంటు పోయింది.

ఐదోవాడు ఈ సారు. డెబ్బైకి యాభై ఎనిమిది. మొదటి ర్యాంకు. విత్తనాల దుకాణం పైన కాబట్టి ఏడో అంశంలో పదికి పది. ఎవరైనా అడిగితే విత్తనాలకు వచ్చామనొచ్చు.

మేం వెళ్లిన రోజు మాకన్నా ముందు ఒకామె ఉంది, మధ్యవయసు మనిషి. తలనొప్పి అని మొదలుపెట్టింది.

"అర్థమైంది. నీకు ఆలోచన ఎక్కువ."

"ఆలోచన గాదు సార్, ఆకు ఎక్కువ. దినానికి వెయ్యి బీడీలు చుట్టాలె. మెడ వంచితే ఎత్తరాదు."

"అదే, గా ఆకు గురించే ఆలోచన."

ఆమె నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. మనుషులు మూడు రకాలని అతను ఆమెకు వివరించాడు. ఆలోచన ఎక్కువున్నవాళ్లు, తక్కువున్నవాళ్లు, బొత్తిగా లేనివాళ్లు. మూడు రకాలకూ చీటీ ఒకటే. ముందే టైపు చేసి, జిరాక్స్ తీసి, పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలిపెట్టిన చీటీ. ఒకటి, సూర్యుడికన్నా ముందు లేవాలి. రెండు, పరగడుపున రెండు గ్లాసుల నీళ్లు తాగాలి. మూడు, అద్దంలో చూసుకుంటూ అయిదు నిమిషాలు నవ్వాలి. ఆమె చీటీ మడిచి కొంగున కట్టుకుంటూ, "నవ్వెటప్పుడు ఆకు కత్తిరియ్యచ్చునా సార్" అని అడిగింది. ఎగతాళికి అడిగిందో, నిజంగానే అడిగిందో మొహం చూసి పోల్చుకోలేకపోయాను. అతనికి ఆ అనుమానమే రాలేదు. "కత్తిరియ్యచ్చు" అన్నాడు.

అప్పుడే లేచి వచ్చేయాల్సింది. కానీ నా జేబులో పట్టిక ఉంది. పైగా తెలివితక్కువగా దాని సంగతి అతనికి చెప్పాను, మేము ఊరికే రాలేదు, ఇంత ఆలోచించి వచ్చామని తెలియాలని.

"నాకెన్ని మార్కులు వచ్చినయి ఇంజినీర్ సాబ్?"

"యాభై ఎనిమిది సార్. డెబ్బైకి."

"ఫస్ట్ క్లాసే." ఒక పుస్తకం తీసి రాసుకున్నాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లందరికీ 'ఇంజినీర్లు లెక్క కట్టి మరీ నా తానికి వస్తుండ్రు' అని చెప్పుకున్నాడని తెలిసింది.

పేషెంట్‌తో ఒంటరిగా మాట్లాడాలని నన్ను పది నిమిషాలు మెట్ల మీద నిలబెట్టాడు. తిరిగి పిలిచేసరికి అన్న చేతిలో ఒక ప్రశ్నల కాగితం ఉంది. యాభై ప్రశ్నలు, ఒక్కోదాని పక్కన అవును, కాదు అని రెండు గడులు. జిరాక్సుకు జిరాక్సు, దానికి జిరాక్సు తీసీ తీసీ కుడివైపు అంచున అక్షరాలు సగం తెగిపోయాయి. మూడు నెలలుగా చెయ్యి ఎత్తడానికే బద్ధకించిన అన్న పెన్ను అడిగి తీసుకుని, వీపు నిటారుగా పెట్టి, గబగబా టిక్కులు కొట్టాడు. నేను ఆశ్చర్యపోయాను. సంతోషించాను కూడా.

అతను ఆ కాగితం మీద రంధ్రాలు చేసిన ఒక అట్ట పెట్టి, రంధ్రాల్లో కనిపించిన టిక్కులు లెక్కపెట్టాడు. "నలభై ఎనిమిది" అన్నాడు. సొరుగు తెరిచాడు. అందులో రెండు స్టాంపులున్నాయి, ఒకటి ఫిట్, ఇంకొకటి అన్‌ఫిట్. గల్ఫ్‌కు పోయేవాళ్లకు మెడికల్ సెంటర్‌లో కొట్టే ముద్రల్లాంటివే చేయించాడు. మా వైపు ఇంటికొకరు గల్ఫ్ పోయినవాళ్లే కాబట్టి ఆ ముద్రంటే అందరికీ గురి. ఫిట్ స్టాంపు రబ్బరు అరిగి అంచులు గుండ్రంగా అయ్యాయి. అన్‌ఫిట్ రబ్బరు చేయించిన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. దానికి ఒక్క చుక్క సిరా అంటలేదు.

"నీకేం లేదు. ఫిట్" అని టప్పున కొట్టాడు. చీటీ కూడా ఇచ్చాడు.

ఆ రోజు మా ఇంట్లో సేమ్యా పాయసం వండారు. అమ్మ ఆ కాగితాన్ని దేవుడి గూట్లో పెట్టింది. ఏజెంటు శుక్రవారానికి టికెట్ చూశాడు. అన్న కొత్త కార్టన్ తెచ్చి సర్దుకోవడం మొదలుపెట్టాడు. అందరూ బాగుపడ్డాడన్నారు. నాకు మాత్రం అతను సర్దుకునే తీరు నచ్చలేదు. చొక్కాలు మడతపెట్టకుండా, ఏదో గుంత పూడుస్తున్నట్టు కార్టన్‌లోకి కుక్కుతున్నాడు. గూట్లోంచి కాగితం తీసి మొదటిసారి టిక్కులు చదివాను. నాకు రాత్రి నిద్ర బాగా పడుతుంది, అవును. నాకు ఆకలి బాగా వేస్తుంది, అవును. ఫోన్ మోగితే నాకు భయం వేయదు, అవును. యాభైకి నలభై ఎనిమిది అబద్ధాలు.

బుధవారం ఆ కాగితం పట్టుకుని మెట్లెక్కాను. అతను టైపు మిషనుకు నూనె వేస్తున్నాడు.

"సార్, మా అన్న కాగితంల అన్నీ అబద్ధాలే ఉన్నయి."

"అర్థమైంది."

"ఇంకా చెప్పలే సార్."

"చెప్పు మరి."

"నిద్ర బాగ పడుతదని కొట్టిండు. మూడు నెల్ల సంది పండుకుంటలేడు. మీరు అడగలేదా?"

"ఇంజినీర్ సాబ్, నువ్వు టవర్ నిలబెట్టినంక సిగ్నల్ వస్తే ఓకే అంటవా, బోల్టు బోల్టు ఇప్పి చూస్తవా?"

"బోల్టు బోల్టు చూస్త సార్. నా నౌకరే అది."

నూనె డబ్బా మూత పెట్టాడు, మళ్లీ తీశాడు.

"గా అన్‌ఫిట్ ముద్ర ఒక్కసారన్న కొట్టిన్రా?"

"కొడితే ఏమైతది? నీ అసొంటోడు ఇంకో డాక్టర్ తానికి తీస్కపోతడు. అందరు పోతరా? కొందరు గొలుసేసి కడ్తరు. కొందరు పెండ్లి చేస్తే కుదురుతడని పిల్లను తెస్తరు. నేను ఫిట్ కొడ్త, మనిషి జర ధైర్యంగ ఇంటికి పోతడు. నా ఫిట్‌తోని ఎవ్వడు సావలే తమ్మీ."

"నిజామాబాద్ పెద్ద దవాఖానకు పొమ్మని చెప్పచ్చు గద."

"ఎవరు పోతరు? బస్సంత తిరిగి చూస్తది. దిగెటప్పుడు మొఖం యాడ పెట్టుకోవాల్నో తెల్వదు."

నేను లేచాను. గుమ్మం దగ్గర ఆగి, ఆ పది నిమిషాల్లో అన్న ఏం మాట్లాడాడని అడిగాను.

"ఒక్కటి అడిగిండు."

"ఏం అడిగిండు?"

"అది నీకు చెప్ప. పేషెంట్ మాట."

ఎంత అడిగినా చెప్పలేదు. అన్నం పెట్టే వృత్తికి ఉన్న నియమాల్లో అతను పాటించింది ఈ ఒక్కటే. నా కాగితంలో ఎడమవైపు మొదటిది ఇదే. అవసరమైన మాట ఒక్కటి దాచిపెట్టి, పనికిరాని మాటలన్నీ ఊరంతా పంచినవాడికి దీన్ని మంచిగా లెక్కవేయాలా అన్నది నా అనుమానం.

ఇంటికి వచ్చేసరికి అన్న కార్టన్‌కు తాడు కడుతున్నాడు. వదిన పక్కనే కూర్చుని ఆకు కత్తిరిస్తోంది.

"అన్నా, నిద్ర బాగ పడుతదని ఎందుకు కొట్టినవ్?"

"మెడికల్ల ఎవడన్న నిజం చెప్తడారా?"

"అది మెడికల్ కాదు."

"ఫిట్ అని ముద్ర కొట్టిండు. మెడికల్ కాకపోతే ఏంది మరి?"

అతను అన్నది సబబే. గల్ఫ్ పోయే మనిషికి కాగితం, ప్రశ్నలు, ముద్ర అంటే ఒకటే అర్థం. నొప్పులన్నీ ఇంటి దగ్గర పెట్టి పోవాలి, వీపు నిటారుగా పెట్టాలి, అడిగినదానికల్లా బాగుందనాలి. పట్టికలో ఏడు అంశాలు రాసిన నాకు ఇది తట్టలేదు.

నేను కూడా కింద కూర్చున్నాను. "ఇప్పుడు నేను అడుగుత. నా తాన ముద్ర లేదు. నిద్ర పడుతుందా?"

తాడు ముడి ఇంకోసారి బిగించాడు. "లేదు" అన్నాడు.

"ఆకలైతదా?"

"లేదు."

"ఫోన్ మోగితే భయమైతదా?"

"అయితది. మెండోర నుంచేమో అనిపిస్తది."

"మెండోరల మనకెవరున్నరు?"

తాడు వదిలేశాడు. "మా రూంల మెండోరాయన ఉండె. నాకన్న మస్తు పెద్దోడు, కాకా అంటుంటిమి. ఛాతిల నొస్తున్నదన్నడు. వీసా రెన్యువల్‌కు మెడికల్ ఉండె. నేనే చెప్పిన. కాకా, లోపల చెప్పకు, అన్‌ఫిట్ రాస్తే సీదా ఇంటికి పంపుతరు అని. చెప్పలే. ఫిట్ వచ్చింది. రూంల అందరికి మిఠాయి పంచిండు. పదిహేను దినాలకు, పొద్దుగాల డ్యూటీకి లేపుతె లేవలే."

వదిన కత్తెర ఆగింది.

"ఇక్కడుంటే ఎన్నడో ఒకనాడు ఆయన పెండ్లాం ఎదురైతది. యార్డుకు పసుపు తెస్తరు వాళ్లు. అందుకే పోతనంటున్న" అన్నాడు.

"గీ ముచ్చట గా సారుకు చెప్పినవా?" వదిన అడిగింది.

"అడిగిన. ఫిట్ రాసినోంది తప్పా, చెప్పకు అన్నోంది తప్పా అని."

"ఏమన్నడు?"

"అర్థమైంది అన్నడు. పొద్దుగాల లేసి రెండు గ్లాసుల నీళ్లు తాగుమన్నడు."

వదిన చాట పక్కన పెట్టి, ఒళ్లో పడ్డ ఆకు ముక్కలు దులుపుకుంది. "తాడు ఇప్పు. శుక్రారం యాడికి పోయేది లేదు. రేపు నిజామాబాద్ పోదాం. కండక్టర్ మొత్తుకుంటె మొత్తుకోని."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం. కండక్టర్ తన అలవాటు ప్రకారం అరిచాడు. వదినే ముందు లేచి, "ఆపుండ్రి, మేం దిగుతం" అంది. మా గల్లీ చివర ఉండే ముసలామె మెడ తిప్పి, "ఎవరికి చూపిస్తున్రు బిడ్డా" అని అడిగింది. "మా ఆయనకు అవ్వా. నిద్ర పడ్తలేదు" అంది వదిన. ముసలామె కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చింది. బస్సు నిజంగానే తిరిగి చూసింది. తర్వాత వెళ్లిపోయింది.

దవాఖాన వరండాలో పొడుగాటి బల్ల. మా టోకెన్ పద్నాలుగు. కూర్చోబోతూ కిందికి చూస్తే నీలం పట్టీల రబ్బరు చెప్పులు, ఎడమదానికి పిన్నీసు. మనిషిని తర్వాత చూశాను. కోటు లేదు. కోటు లేకపోతే అతని భుజాలు ఇంత సన్నమా అనుకున్నాను. చేతిలో దవాఖాన పుస్తకం, అంచులు నలిగిపోయి, రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. కొత్తగా వచ్చినవాళ్లకు అంత లావు పుస్తకం ఉండదు.

మమ్మల్ని చూసి గొంతు సవరించుకున్నాడు. "ఒక పేషెంట్‌ను తీస్కచ్చిన" అన్నాడు.

"యాడున్నడు సార్?" అంది వదిన.

అతను పుస్తకాన్ని మోకాళ్ల కిందికి జరిపాడు.

జాలిపడాల్సిన చోటు ఇదేనని తెలుసు. నాకు జాలి రాలేదు. ఇతనికి ఈ దవాఖాన తెలుసు. ఏ బస్సు త్వరగా వస్తుందో తెలుసు, ఎన్నింటికి టోకెన్లు ఇస్తారో తెలుసు, లోపల డాక్టరు ఎట్లాంటివాడో తెలుసు. తనకు కావలసినవాణ్ని తను వెతుక్కుని, ఆ పుస్తకం అంత లావయ్యేదాకా వచ్చి పోతూ, తన బల్లల ముందు కూర్చున్న వాళ్లలో ఒక్కరికీ ఈ చిరునామా చెప్పలేదు. రెండు గ్లాసుల నీళ్లు తాగమన్నాడు. తను మాత్రం రాసిచ్చిన మాత్రలు వేసుకున్నాడు. తెలియక చేసినవాణ్ని నేను క్షమించేవాణ్ని.

ఆ తర్వాత ఏడాదిన్నర మేం నెలకోసారి అక్కడికి పోయాం. వీసా గడువు దాటిపోయింది. అన్న ఇప్పుడు ఆర్మూర్‌లోనే మోటారు వైండింగ్ చేస్తున్నాడు. మెండోరకు కూడా పోయి వచ్చాడు, వదినను వెంటబెట్టుకుని. అక్కడ ఏం మాట్లాడారో నేను అడగలేదు. ఈ సారు మాత్రం ఆ వరండాలో మళ్లీ కనిపించలేదు. వచ్చే రోజు మార్చుకున్నట్టున్నాడు. విత్తనాల దుకాణం పైన బోర్డు ఉన్నట్టే ఉంది, ఫిట్ ముద్ర పడుతున్నట్టే పడింది.

మేం మొదటిసారి పోయిన ఆ రోజు, గుమ్మం దగ్గరి ఆయా "పదమూడు" అని పిలిచింది. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచింది. అతను చేతిలోని టోకెన్ చూసుకున్నాడు, మా అన్న మొహం చూశాడు.

"నువ్వు పో ముందు" అని తన టోకెన్ ఇచ్చాడు.

ఎడమవైపు రెండోది ఇది. మేం చూస్తుండగా లోపలికి పోవడం నామోషీ అయి ఇచ్చాడా, అన్న అడిగిన ప్రశ్న అతనికి నిజంగా గుర్తుండి ఇచ్చాడా అన్నది నాకు తెలియదు. నేను థ్యాంక్స్ చెప్పలేదు. అన్న టోకెన్ తీసుకుని, "వస్త సార్" అని లేచాడు. వదిన వెంట పోయింది.

తలుపు సగమే మూసుకుంది. లోపల కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత ఏదో అడిగారు, చిన్న ప్రశ్న, నాకు వినపడలేదు. కాసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని లోపల ఎవరూ తొందరపెట్టలేదు.

"మా రూంల మెండోరాయన ఉండె" అన్న మొదలుపెట్టాడు.

బల్ల మీద మేమిద్దరం మిగిలాం. అతని కాలు ఆ చెప్పును తిప్పడం ఆపేసింది. నేను అలవాటు కొద్దీ గడియారం చూశాను. పావు నిమిషం అయింది, రెండు నిమిషాలయ్యాయి, తర్వాత చూడడం మానేశాను. అతను మెడ ముందుకు చాచి తలుపు సందు వైపు చెవి పెట్టి వింటున్నాడు. లోపల అన్న చెబుతూనే ఉన్నాడు, మధ్యలో ఆగి ఏడ్చి మళ్లీ చెబుతున్నాడు. ఎవరూ అడ్డు రాలేదు.